డబ్బా మూత మీద నాలుగు వరుసలు

హలో, అందరికీ వినబడుతోందా? ధర్మపురి నుంచి మీ అంజప్పను మాట్లాడుతున్నాను. టవర్ వస్తోంది, పోతోంది, అయినా చెప్పేస్తాను. అన్నం తిన్నారా? తినకపోతే తినేసి రండి, ఎందుకంటే ఇది అన్నం డబ్బా కథ. మా వైపు పాత్రల అంగట్లో స్టీలు సామాను ఏది కొన్నా, చిన్న మిషన్ పెట్టి దాని మీద పేరు కొట్టి ఇస్తారు. కొనుక్కున్నదైతే కొన్నవాళ్ల పేరు, దానమైతే ఇచ్చినవాళ్ల పేరు. అదొక్కటి గుర్తు పెట్టుకోండి. ఇంక నేను నోరు మూసుకుంటాను, వాళ్లే మాట్లాడతారు.

*

కాంతామణి పాత్రల అంగడి. బడి తెరవడానికి రెండు రోజుల ముందు. కట్టడం పనికి పోయే మాదేశ్వరి బిడ్డకు డబ్బా కొనడానికి వచ్చింది. అంగడి ముందర, పేర్లు కొట్టే మిషన్ పెట్టుకుని చిన్నసామి కూర్చున్నాడు.

“అది కాదమ్మా, దాని పక్కది.”

“ఈ ప్లాస్టిక్‌ది చూడు మాదేశ్వరీ, పచ్చగా ఎంత బాగుండాదో. నీ బిడ్డకు ఇది చాలు.”

“ప్లాస్టిక్ వద్దమ్మా. పోయిన ఏడంతా హోటల్లో సాంబార్ కట్టిచ్చే డబ్బాలోనే పెట్టి పంపించినా. క్లాసులో దాని పేరే పార్సిల్ అయిపోయింది. ‘పార్సిల్ వచ్చింది, పార్సిల్ వచ్చింది’ అంటారంట. తినకుండా అట్లే తిరిగి తెచ్చేస్తాది.”

“పిల్లకాయలు, ఏదో ఒకటి అంటారు. సర్కారు బడిలో వేసుంటే ఈ తలనొప్పే లేదు కదే. ఊరక అన్నం, ఊరక గుడ్డు. పళ్లెం ఎత్తుకుపోతే చాలు.”

“ఈ ప్రైవేటు బడిలో పేదోళ్ల కోటాలో సీటు వచ్చింది కదమ్మా. ఫీజు లేదన్నారు. మీ హేమప్రియ క్లాసే.”

“తెలుసు, తెలుసు. మా మనవరాలు చెప్తానే ఉంటాది.”

“ఏం చెప్తాదమ్మా?”

“ఏమో చెప్తాది. ఇంద, ఈ అల్యూమినియం చూడు.”

“ఆ పైన ఉండేది తీయండమ్మా. నాలుగు క్లిప్పులు, లోపల కూరకు చిన్న గిన్నె.”

“అదా? అది హేమప్రియ డబ్బా.”

“అదేనమ్మా. కలైవాణి దాన్నే అడిగింది. అదుంటేనే బడికి పోతా, లేకుంటే పోనంటాది.”

“దాంట్లో ఏం పెట్టి పంపిస్తావే? సంగటి ముద్దకు నాలుగు క్లిప్పులు ఏంటికి? లేచి పారిపోతాదనా?”

“అన్నమే పెడతానమ్మా. మొదటి రోజు గుడ్డు కూడా పెడతా.”

“ఆ క్లిప్పులు గట్టి. నీ బిడ్డకు తెరవను రాదు.”

“మీ పాప తెరుస్తాది కదమ్మా. ఇద్దరికీ తొమ్మిదేళ్లే.”

“నోరు బాగా నేర్చినావే.”

“తప్పుగా అనుకోకండమ్మా. రెండు నెల్లు ఆదివారం కూడా ఇటుకలు మోసినా, దీనికోసమని. రొక్కం తెచ్చినా. తగ్గించమని కూడా అడగను.”

“సరే, సరే. ఈ అరవ ఊర్లో మనం మనం తెలుగోళ్లు, నీకు లేదంటానా? తీసుకో. పేరు కూడా ఊరకనే కొట్టించి ఇస్తా. లోపల కుండలో నీళ్లుండాయి, తాగి రా పో. ఎండకు మొగమంతా నల్లగా అయిపోయింది.”

“మీకు పుణ్యముంటాదమ్మా.”

“పో, పో. …చిన్నసామీ, ఇట్లా చూడు. ఈ చీటీలో రాసింది రాసినట్టే కొట్టు. మూత మీద, పెద్దగా, నాలుగు వరుసలు.”

“‘కాంతామణి అమ్మ… పేదపిల్లకు… దయతో ఇచ్చిన… దానం.’ ఏంటమ్మా ఇది? ఆమె రొక్కం ఇచ్చి కొనింది కదా?”

“మెల్లగా మాట్లాడు.”

“పాప పేరే లేదే దీంట్లో?”

“నిన్న వీధిలో ఆడేటప్పుడు చెప్పిందంట ఆ కలైవాణి, ‘మా అమ్మ నాకూ నీ డబ్బానే కొంటాది’ అని. మా హేమప్రియ ఏడ్చి ఏడ్చి జ్వరం తెచ్చుకుంది. పార్సిల్ డబ్బా, నా డబ్బా ఒకటేనా అంటాది. నేను అమ్మనంటే ఇది ఇంకో అంగట్లో కొంటాది. కొననీ. మూత చూస్తే ఏది ఎవరిదో అందరికీ తెలియాల.”

“ఈమె చదివితే?”

“దానికి చదవను రాదు. వేలిముద్ర.”

“పాపకు వస్తాది కదమ్మా.”

“రావాలనే కదా. పాప చదవాలనే రాసినా.”

“నా చేత్తో నేను ఎట్లమ్మా…”

“ఇరవై ఏండ్లుగా నా అంగడి నీడలో కూర్చోనుండావు. నీకు ఆ చోటు కావాలనా, వద్దా? కొట్టు.”

“డబ్బా ఇట్లియ్యండమ్మా.”

“ఏమమ్మా, అన్న ఇంతసేపు కొడతానే ఉండాడు! కలైవాణి అంటే అంత పెద్ద పేరా?”

“వచ్చినావా. పేరు, క్లాసు, సెక్షన్ అన్నీ కొట్టించినా మాదేశ్వరీ. ఎవరూ ఎత్తుకుపోకూడదు కదా.”

“అన్నా, ఏం తలే ఎత్తరు?”

“దుమ్మమ్మా. స్టీలు దుమ్ము, కంట్లో పడింది.”

*

సోమవారం సాయంత్రం, మాదేశ్వరి ఇల్లు. కలైవాణి బడి నుంచి వచ్చింది.

“రెండు రోజులు నీకు చూపించకుండా దాచి, పొద్దున బ్యాగులో పెట్టినా. చూస్తానే ఎట్లుండింది?”

“బాగుండింది మా.”

“అందరూ చూసినారా?”

“చూసినారు.”

“హేమప్రియ?”

“అదే ఫస్టు చూసింది. అందరినీ పిలిచి చూపించింది.”

“చూసినావా! ఇంగ పార్సిల్ అంటారా?”

“అనరు.”

“మరి ఏమని పిలుస్తారు? పేరు పెట్టేనా?”

“…ఊ.”

“ఏదీ, డబ్బా ఇట్లియ్యి. ఏమే, బరువుగా ఉండాది? తినలేదా? గుడ్డు కూడా అట్లే ఉండాదే!”

“కడుపు నొప్పి మా.”

“క్లిప్పు తెరవను రాలేదా?”

“వచ్చింది. వచ్చింది మా. కడుపు నొప్పి, అంతే.”

“సరే, మిరియాల రసం పెట్టిస్తా. ముందు మూత మీద ఏం కొట్టినారో చదివి చెప్పు. రెండు రోజులుగా చేత్తో తడిమి తడిమి చూస్తానే ఉండా.”

“ఇప్పుడొద్దు మా.”

“ఏం, చదవను రాదా? కోటాలో సీటు ఇచ్చింది ఏంటికి మరి?”

“వస్తాది. ‘కలైవాణి. నాలుగో క్లాసు. బి సెక్షన్.’”

“అది మూడే. నాలుగు వరుసలుండాయి కదా? నాలుగోది?”

“నాలుగోదా… ‘అమ్మ పేరు మాదేశ్వరి.’”

“నా పేరా? నా పేరు కూడా కొట్టినారా? యాడ? వేలు పెట్టి చూపించు.”

“ఇక్కడ.”

“ఇదా? నా పేరు ఇట్లుంటాదా?”

“అట్లే ఉంటాది మా.”

“మరి ఏంటికే ఏడుస్తావు?”

“కడుపు నొప్పి మా.”

*

మంగళవారం పొద్దున. మళ్లీ అదే అంగడి.

“అమ్మా, ఇంద మూర మల్లెపూలు. దేవుడి పటానికి వెయ్యండి.”

“ఏంటికే పూలు, మాదేశ్వరీ?”

“నా పేరు కూడా కొట్టించినారు కదమ్మా! నాకు చెప్పనే లేదు మీరు. పాప గడగడా చదివింది. ‘కలైవాణి, నాలుగో క్లాసు, బి సెక్షన్, అమ్మ పేరు మాదేశ్వరి’ అని. ఇంతవరకు నా పేరు ఎవరూ దేని మీదా రాయలేదమ్మా.”

“అట్లా చదివిందా? విన్నావా చిన్నసామీ? నాలుగో క్లాసంట, నాలుగు వరుసలు చదవను రాదు!”

“అమ్మా, విడిచిపెట్టండి.”

“ఏమన్నా, పాప తప్పుగా చదివిందా?”

“లేదమ్మా. లేదు.”

“అట్లయితే నా తూక్కు గిన్నె మీద కూడా అదే కొట్టండన్నా. రోజూ సైటుకు దీంట్లోనే కూడు తీసుకుపోతా. ఆ నాలుగు వరుసలే, అట్లే కావాల. పాప పేరు చూస్తా తింటా.”

“వద్దమ్మా. పాత తూక్కు, రేకు పలచన. చిల్లు పడతాది.”

“ఏం చిల్లూ పడదు. కొట్టు చిన్నసామీ. ఆ పొద్దు నేనిచ్చిన చీటీ ఉండాది కదా? రాసింది రాసినట్టే. నేను ఇక్కడే కూర్చోని చూస్తా ఉంటా.”

“కొట్టేముందు ఒకతూరి చదవండన్నా. నా బిడ్డ చదివింది సరేనా అని నాకు తెలియాల.”

“చదువు చిన్నసామీ. గట్టిగా చదువు, ఆమె వినాల.”

“చదువుతానమ్మా… ‘కలైవాణి… నాలుగో క్లాసు… బి సెక్షన్… అమ్మ పేరు మాదేశ్వరి.’”

“చూసినారా అమ్మా! ఒక్క అక్షరం తప్పలేదు నా బిడ్డ! అన్నా, బాగా పెద్దగా కొట్టండి. మా సైట్లో అందరికీ చదవను వస్తాది, నాకొకదానికే రాదు.”

*

అంతేనండీ. ఆగండి, ఫోన్ పెట్టేయకండి, ఒక్క మాట. ఈ కథను మీకు తెలిసిన నలుగురికి పంపండి. మీ వీధిలో చదవడం రాని తల్లి ఎవరైనా ఉంటే, పక్కన కూర్చుని చదివి వినిపించండి. రాసింది రాసినట్టే చదవండి.