మెడ పట్టుకోండి, పెద్దమ్మా

వృద్ధాశ్రమంలో ఆయా ఎప్పటిలాగే మంచం మీదికి వంగింది. పెద్దావిడ ఆయా మెడ చుట్టూ చేతులు వేస్తే, ఎత్తి కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టాలి.

“మెడ పట్టుకోండి, పెద్దమ్మా.”

“జీతం పెంచుతామన్నారుగా, ఏమైందే?”

“ప్రభుత్వం నుంచి నిధులు రాలేదట. రేపట్నుంచి గోడౌన్‌లో బస్తాలెత్తడానికి పోతున్నా. ఇక్కడిచ్చేదానికి రెట్టింపిస్తారు.”

“మనిషినెత్తే పనికన్నా బస్తాలెత్తే పనికి ఎక్కువా?”

“బస్తా పాడైతే ఎవరికో నష్టం కదండీ.”

“నీ బదులు ఎవరొస్తారు?”

“ఈ జీతానికి ఎవరొస్తారు, పెద్దమ్మా?”

“మరి నన్నెవరు లేపుతారే?”

ఆయా ఇంకాస్త కిందికి వంగింది.

“పొద్దెక్కుతోంది. మెడ పట్టుకోండి.”

పెద్దావిడ చేతులు దుప్పటి కిందికి లాక్కుంది.

“వద్దులే. పడుకునే ఉంటాను. ఇవాళ్టి నుంచే అలవాటు చేసుకోనీ.”