మనోళ్లు

కొత్త రాష్ట్రం ఇంకా కొద్ది రోజుల్లో పుడుతుందనగా, రెండువేల పద్నాలుగు ఎండాకాలం. గోదావరి అవతలి ఊళ్లు కొన్ని పక్క రాష్ట్రానికి పోయాయని పేపర్లో పడింది. సరిహద్దు చర్చలకు నాయకుల వెంట ఢిల్లీ పోయివచ్చిన సుందర్ రావు హనుమకొండలో తన ఇంట్లో ఉన్నాడు. ఆ ఊళ్లలో ఒకదాంట్లో బతికే అక్క లిదియా చెప్పాపెట్టకుండా బస్సు దిగి వచ్చింది. వడ్డించిన కంచం ముందు కూర్చుందే గానీ ముద్ద ముట్టలేదు.

"ముందు అన్నం తినక్కా. ముచ్చట యాడికి పోతది?"

"తింట. పేపర్ల పడ్డది నిజమేనా?"

"నువ్వొచ్చినవని మీ మరదలు గ్రేస్ డ్యూటీకి పోయేముందు పప్పుచారు చేసి పెట్టింది. నీకిష్టమని..."

"తమ్మీ."

"ఆఁ."

"మా ఇసుకగూడెం పోయిందా, లేదా?"

"పోవుడేంది? ఊరు యాడికి పోతది? నీ ఇల్లు ఆడనే ఉంటది, మీ చర్చి ఆడనే ఉంటది, గోదారి ఆడనే..."

"మరి పోయింది మేమా?"

"గట్ల గాదక్కా."

"ఎట్ల మరి?"

"జర మజ్జిగన్న తాగు. ఎండల పడొచ్చినవ్."

"తాగిన. మజ్జిగ తాగిన, నీళ్లు తాగిన. ఇగ చెప్పు."

"నువ్వు ఈడికే వచ్చెయ్. మట్టెవాడల మన ఇల్లు ఖాళీగనే ఉన్నది. సున్నమేపిస్త, నల్లా మంచిగ చేయిస్త..."

"నేనెందుకు రావాలె?"

"బావ పోయినంక ఒక్కదానివే ఉంటానవ్ గదా."

"బావ పోయి ఏండ్లయింది. నేనొక్కదాన్నని ఇయ్యాల్నే యాదికొచ్చిందా?"

"ఏందక్కా ఈ సతాయించుడు! నేనేమన్న మంత్రినా? మ్యాపులు చూపెట్టెటోన్ని. సర్వే ఆఫీసుల నౌకరి చేసిన, ఊర్ల సంగతి ఎరుకని మా లీడరు రాజేశ్వర్ రావు సారు తోలుకపోయిండు. అంతే."

"ఊర్ల సంగతి అడిగిండ్రా మరి?"

"అడిగిండ్రు."

"మా ఊరిది?"

"అన్నిటిది. ఆ ఊర్లిస్తెనే ఒప్పుకుంటమని అవుతలోళ్లు కూసున్నరు. హోటల్ రూంల, చాయ్ తాగుకుంట. కాయితం లేదు, సంతకం లేదు. ఇంతదాంక వచ్చినంక రాష్ట్రం ఆగిపోతదేమోనని మావోళ్లకు బుగులు. అందుకే ఇచ్చిండ్రు."

"ఇచ్చిండ్రంట! పిల్లనిచ్చేటప్పుడు పిల్లనన్న అడుగుతరు. మా ఊరినెవరడిగిండ్రు?"

"ఎన్నేండ్ల కొట్లాట అక్కా అది!"

"నేను కొట్లాడలేదా? రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వండలేదా? పోలీసోళ్లు వ్యాన్ల ఏస్కపోతె నువ్వే గదా వచ్చి ఇడిపిచ్చింది. మర్శినవా?"

"మర్వలే."

"మరి నువ్వేమన్నవ్ ఆ రూంల?"

"నన్నెవరడుగుతరు?"

"ఇప్పుడే అడిగిండ్రంటివి."

"ఒక్కమాట. ఒక్కటే మాట అడిగిండు సారు. 'సుందర్ రావ్, ఆ ఊర్లల్ల మనోళ్లెవరన్న ఉన్నరా?' అని."

"ఏమన్నవ్?"

"అన్నం సల్లగైతాంది..."

"ఏమన్నవ్ తమ్మీ?"

"మనోళ్లంటె పార్టోళ్లనుకున్న. ఆడ పార్టీ యాడున్నది? జెండా లేదు, ఓట్లు లేవు. గందుకే..."

"గందుకే?"

"లేరన్న."

"పార్టోళ్లనే అనుకున్నవా?"

"అవు."

"గోడ దిక్కు గాదు. నా దిక్కు చూసి చెప్పు."

"అక్కా..."

"చెప్పు."

"నువ్వే యాదికొచ్చినవ్. ఆయన 'మనోళ్లు' అనంగనే నువ్వే యాదికొచ్చినవ్. మా అక్క ఉన్నదంటె ఆ పెద్దపెద్దోళ్లంత నవ్వుతరనిపిచ్చింది. అక్క కోసం రాష్ట్రాన్ని ఆపిండంటరనిపిచ్చింది. లేరన్న. అందరు ఊపిరి పీల్చుకున్నరు. సారు నా భుజం తట్టిండు. నాకైతె సిగ్గుతోని సచ్చిపోవాలనిపిచ్చిందక్కా."

"తోడబుట్టినదాన్ని ఎరగనన్నవ్."

"తప్పు చేసిన. పాపం చేసిన. తిట్టు నన్ను."

"నాకు ముందే తెల్సు."

"ఎట్ల తెల్సు?"

"మొన్ననే రాజేశ్వర్ రావుకు ఫోన్ చేసిన. 'మీ తమ్ముడే లేరన్నడు గదమ్మా' అన్నడు."

"మరి ఇంతసేపు ఎందుకడిగినవ్?"

"నీ నోట ఇందామని. నువ్వే చెప్తవో, నాతోని గూడ అబద్ధమాడుతవోనని."

"ఊరోళ్లకు తెల్సా?"

"నువ్వు ఢిల్లీ పోయినవని తెల్సు. నిన్న చర్చిల అందరు నన్ను చుట్టుకున్నరు. మీ తమ్ముడు ఆడుండి ఏం చేసిండని. లేశి నిలవడి చెప్పిన."

"చెప్పేసినవా?"

"చెప్పిన. 'మన ఊరి కోసం మా తమ్ముడొక్కడే కొట్లాడిండు, ఆఖరుదాంక ఇయ్యొద్దన్నడు, వాళ్లే ఇనలే' అని."

"అక్కా!"

"అందరు మోకాళ్లూని నీ కోసం ప్రార్థన చేసిండ్రు. ఎల్లుండి నీకు సన్మానమట. శాలువ గూడ తెచ్చిండ్రు. నిన్ను తోలుకరమ్మని నన్ను పంపిండ్రు."

"నాతోని గాదు. ఏ మొఖం పెట్టుకోని రావాలె? వస్తె నిజమే చెప్తగని, శాలువ మాత్రం కప్పుకోను."

"కప్పుకోవాలె. నవ్వాలె. దండం పెట్టాలె. నువ్వు బస్సెక్కి మర్లొస్తవ్ తమ్మీ, నేను వాళ్లల్లనే బతకాలె."