చిక్కిపోతే ఏమంటారో

స్కానింగ్ గది బయట బల్ల మీద అక్కా తమ్ముడూ కూర్చున్నారు. తమ్ముడు పొట్టకు పూసిన జెల్‌ను చేతిరుమాలుతో తుడుచుకుంటున్నాడు.

“ఏమన్నార్రా డాక్టరుగారు?”

“లివరుకి కొవ్వు పట్టిందట.”

“నీకు తాగుడు లేదని చెప్పావా?”

“చెప్పాను. తాగకపోయినా వస్తుందట. హెచ్ఐవి ఉన్నవాళ్లకి ఇంకాస్త ఎక్కువట.”

“మెల్లగా మాట్లాడు. ఆ మందులేమైనా మానమన్నారా?”

“మానొద్దన్నారు. వేపుళ్లు, తీపి తగ్గించి, రోజూ నడిచి, బరువు తగ్గాలట. లేకపోతే ముందు ముందు లివరు గట్టిపడిపోవచ్చట.”

“అయితే తగ్గు.”

“ఎలా తగ్గనక్కా? అప్పట్లో నేను పుల్లలా అయితే వీధంతా గుసగుసలాడింది. నువ్వేగా కొసరి కొసరి పెట్టి అందరి నోళ్లూ మూయించావు.”

“నా వడ్డన లివరుదాకా పోతుందని నాకేం తెలుసు?”

“మళ్లీ చిక్కితే మళ్లీ మొదలెడతారు. నా దగ్గర బట్టలు కుట్టించుకోడానికి ఒక్కరూ రారు. నేను తగ్గను.”

“వీధివాళ్ల కోసం చస్తావట్రా?”

“లావుగానే పోతాను. ఎవరికీ అనుమానం రాదు.”

అక్క తన లావుపాటి నడుం తడుముకుంది.

“నేనూ తగ్గుతాను.”

“నువ్వెందుకు?”

“నువ్వొక్కడివే చిక్కితే రోగమంటారు. ఇద్దరం చిక్కితే నా వంట చెడిందంటారు.”

“కూరలో ఉప్పు తక్కువైందన్నందుకు బావతో నెల్లాళ్లు మాట్లాడలేదు నువ్వు. వీధంతా అంటే ఊరుకుంటావా?”

“ఈ మాట పడతాన్లే. ముందు లే, ఇంటికి నడిచే పోదాం.”