ప్రమీలారాణి పెట్టబోయే గోళ్ళ కొట్టు

(1962. నందిగామలో ప్లీడరు వరప్రసాదరావు గారి ఇంటి వెనక వసారా. మాట్లాడుతున్నది ఇద్దరు: ప్లీడరు గారి భార్య ప్రమీలారాణి, ఆ ఇంటి ఆడవాళ్ళకు ముప్ఫై ఏళ్ళుగా గోళ్ళు తీస్తున్న పున్నమ్మ. అత్తగారు బసవమ్మ లోపల పడుకుని ఉంది. నిద్రపోతోందని కోడలి నమ్మకం.)

“గోళ్ళకి కొట్టా?”

“నెమ్మదిగా మాట్లాడు పున్నమ్మా. అత్తయ్యగారు లేస్తారు.”

“నెమ్మదిగానే అడుగుతున్నా. గోళ్ళు ఎవరు కొనుక్కుంటారమ్మా?”

“కొనుక్కోవడం కాదు. గోళ్ళకి రంగు వేస్తా. మద్రాసులో ఉంది అలాంటి షాపు. మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టి, వేళ్ళు గోరువెచ్చటి నీళ్ళలో ముంచి, గోళ్ళు నున్నగా అరగదీసి, అప్పుడు రంగేస్తారు. కిందటేడు మా పిన్ని కూతురు కమలాకుమారితో వెళ్ళి నేనూ వేయించుకున్నా.”

“డబ్బులిచ్చి?”

“డబ్బులిచ్చే.”

“నేను తీస్తే చేటెడు వడ్లు పోస్తారు. అదీ మూడుసార్లు తిరిగితే.”

“అందుకే కొట్టు కావాలంటున్నా. బస్సులు ఆగే చోట వీరరాఘవయ్య గారి గది ఖాళీ అయింది. దీపాల వేళకల్లా అవుననో కాదనో చెప్పమన్నారు. చెప్పకపోతే సోడాలాయనకి ఇచ్చేస్తారట.”

“ప్లీడరు బాబేమన్నారు?”

“నీ ఇష్టం అన్నారు. ఆ తర్వాత అమ్మ ఇష్టం అన్నారు. ఆ తర్వాత కోర్టుకి టైమయిందన్నారు.”

“మరి పెద్దమ్మగారు?”

“ఊఁ అన్నారు.”

“తలెత్తి అన్నారా, తమలపాకు ఈనె తీస్తా అన్నారా?”

“ఈనె తీస్తూ.”

“అది మంచి ఊఁ కాదమ్మా. ముప్ఫై ఏళ్ళుగా వింటున్నా.”

“వద్దనలేదుగా. బి.ఏ. చదివొచ్చి నాలుగేళ్ళయింది పున్నమ్మా. ఈ నాలుగేళ్ళలో ఈ ఇంట్లో నా అంతట నేను తేల్చిన సంగతి ఒక్కటుంది. ఆవకాయలో శనగలు వేయాలని. అవి కూడా అత్తయ్యగారు మర్నాడు ఏరించేశారు.”

“నేనే ఏరా.”

“నువ్వా?”

“పిలిచి ఏరమంటే ఏమంటాను? అది పోనివ్వండి. కొట్టు వారంలో ఎన్నాళ్ళు తీసుంటుంది?”

“రోజూ.”

“రోజూ ఎట్టా? మంగళవారం, శుక్రవారం గోరు తీస్తే లక్ష్మి పోద్ది. సోమవారం శివుడు. శనివారం వెంకటేశ్వరస్వామి. గురువారం మా ఇంట్లో కత్తి ముట్టరు. ఎందుకని మా అత్తనడిగితే వాళ్ళత్త ముట్టలేదంది.”

“ఆదివారం, బుధవారం మిగిలాయిగా.”

“ఆదివారం పుట్టినోళ్ళు ఆదివారం తీయించుకోరు.”

“అయితే బుధవారం.”

“అమావాస్య కాకపోతే.”

“పున్నమ్మా, తీయడం వేరు, రంగేయడం వేరు. రంగుకి వారాలేమిటి? మిషనరీ బడి టీచరు కృపావతి గారు ఆదివారం ప్రార్థన అవగానే వస్తానన్నారు. వాళ్ళ చెల్లెలు జయమణిని కూడా తీసుకొస్తారట.”

“సరే, ఇద్దరు. మరి రాలిన గోళ్ళేం చేస్తారు?”

“ఊడ్చేస్తా.”

“ఇంట్లో ఒక్క గోరుముక్క పడితే పోట్లాటంటారు. మీ కొట్టులో రోజుకి దోసెడు పడతాయి. నందిగామంతా కొట్టుకు చస్తది.”

“చావనీ. మా ఆయన ప్లీడరేగా.”

“అదీ నిజమే. చేతులకేనా, కాళ్ళక్కూడానా?”

“కాళ్ళక్కూడా.”

“కాళ్ళెవరు పట్టుకుంటారు?”

“పట్టుకోవడమేమిటి?”

“కాలిగోరు కాలికే ఉంటదమ్మా. కాలు పట్టుకోకుండా గోరొక్కటే ఎట్టా వస్తది?”

“మద్రాసులో చిన్న స్టూలొకటి వేశారు.”

“ఎవరికి?”

“కాలు పెట్టుకోవడానికి.”

“కాలు స్టూలు మీదుంటే వేసేవాళ్ళెక్కడుంటారు?”

“కింద.”

“ఆ మాటే అడుగుతున్నా. మీ పొలంలో నాట్లేసే ఆదెమ్మ మడిలోంచి అట్టే వచ్చి కుర్చీలో కూర్చుంటది. కాలు స్టూలు మీద పెడతది. ప్లీడరు గారి భార్య కింద కూర్చుని ఆ కాలు ఒళ్ళోకి తీసుకోవాలి.”

“ఆదెమ్మ వస్తుందా?”

“కొట్టన్నాక ఎవరైనా వస్తారు. రావద్దంటారా?”

“అనను.”

“అంటారో అనరో ఇప్పుడే తేల్చుకోండి. ఎదురుగా జగ్గయ్యపేట బస్సు ఆగి ఉంటది. అది నిండితేగాని కదలదు. అందులో వాళ్ళకి వేరే పనేముంది, కిటికీలోంచి మిమ్మల్నే చూస్తారు. జగ్గయ్యపేటేగా మీ పుట్టిల్లు. మీరు రెండో కాలు మొదలెట్టేసరికి మీ నాన్నగారికి తెలిసిపోద్ది.”

“నన్ను భయపెట్టడానికి వచ్చావా పున్నమ్మా?”

“నేనెందుకొస్తానమ్మా. ఇటుగా పోతా తొంగి చూశా.”

“ఇటుగా ఎక్కడికి పోతావ్? ఈ సందు మా దొడ్డిగోడ దగ్గర ఆగిపోతుందిగా.”

“అందుకే నేనూ ఆగా.”

“సరే. ఆ పీట మీద కాలు పెట్టు.”

“ఎవరి కాలు?”

“ఇక్కడ ఇంకెవరున్నారు? ఇప్పుడే తేల్చుకోమన్నావుగా. తేల్చుకుంటా.”

“మట్టికాలమ్మా. పాపం తగులుద్ది నాకు.”

“చెంబుతో నీళ్ళున్నాయి. ఇటివ్వు.”

“వద్దమ్మా, వద్దు, నేనే కడుక్కుంటా, వదలండి… అబ్బ, చక్కిలిగిలి.”

“కదలకు.”

“ఇన్నేళ్ళూ కాలు కదిపిన ప్రతి పెళ్ళికూతుర్నీ కసిరా. పాపం, ఎందుకు కదిపేవాళ్ళో ఇప్పుడు తెలిసింది.”

“ఈ గోరేమిటిలా ఉంది?”

“రోకలి పడింది. అది వదిలెయ్యండి.”

“వదిలేస్తే తొమ్మిదే అవుతాయి. చాపు.”

“నా కత్తి అట్టా పట్టుకుంటే వేలు తెగుద్దమ్మా. ఇట్టా ఆనించి, గోరు నానాక, అంచు నించి… అదీ. చెయ్యి తేలికే మీది. ఏం రంగది?”

“మద్రాసులో కొన్నదే, కుంకుమెరుపు.”

“పక్క సీసా?”

“గులాబీ. అది నీకు నప్పదు.”

“ఎవరన్నారు?”

“సరే, కుడికాలికి ఎరుపు, ఎడమకాలికి గులాబీ.”

“ఘాటుగా ఉంది. మా పెద్దోడు పుల్లయ్య బండికి రంగేస్తే ఇదే వాసన… అరె. అరెరె.”

“ఏమయింది?”

“ఏం కాలేదు. నా కాళ్ళేనా అని చూసుకుంటున్నా.”

“బావుందా?”

“ఆ చిటికెన వేలికి ఇంకాస్త పుయ్యండి.”

“పూశా. అయిపోయింది. చూశావా, పదివేళ్ళూ పట్టుకున్నా. ఆకాశం ఊడి పడిందా? వీరరాఘవయ్య గారికి అవునని కబురు చేస్తున్నా.”

“ఆదెమ్మ కాలైనా ఇట్టాగే పట్టుకుంటారా?”

“కడుక్కుని వస్తే ఎవరి కాలైనా. ఎవరైనా సరే, మా అత్తయ్యగారితో సహా.”

“పెద్దమ్మగారి కాలు పట్టుకోవడం కష్టం. తంతారు.”

“అందుకే నువ్వు కావాలి. కత్తి పని నీది, రంగు పని నాది. కొట్టు ఇద్దరిదీ. కుర్చీలో కూర్చున్నవాళ్ళని కసిరే పని కూడా నీదే.”

“ఇద్దరిదీనా?”

“బోర్డు మీద పేర్లు కూడా ఇద్దరివీ. ఏం, ఆలోచిస్తున్నావ్?”

“బోర్డు సంగతి కాదమ్మా. ఈ రంగు నీళ్ళతో కడిగితే పోద్దా?”

“పోదు.”

“చింతపండు పెట్టి తోమితే?”

“ఇత్తడి చెంబా అది? పదిరోజులుంటుంది. పోగొట్టే మందు వేరే ఉంది, అది కమలాకుమారి వాళ్ళింట్లో మర్చిపోయొచ్చా.”

“మద్రాసులోనా?”

“మద్రాసులో. ఇంతలోనే పోగొట్టుకోవడమెందుకు, బావుందన్నావుగా?”

“బావుండబట్టే గొడవ. లోపల మంచం కిర్రుమంది, విన్నారా? పెద్దమ్మగారు లేచారు.”

“లేవనీ. కాళ్ళు చీర కింద దాచుకుంటావేం? తియ్యి. చెప్పాల్సింది ఎలాగూ ఆవిడకే, మొదట ఆవిడే చూస్తారు.”

“ఆవిడే చూస్తారనే దాచుకుంటున్నానమ్మా. ఈ కొట్టు ఊసు మీ చేత మానిపించమని పొద్దున్నే నన్ను పిలిచి పట్టంచు చీర పెట్టింది ఆవిడే. ఇంకా మడత విప్పలేదు. తిరిగిచ్చెయ్యమంటారా, కొట్టు తెరిచే రోజు కట్టుకోమంటారా?”