తౌనో తుపాకీ ఆకులు రాల్చిన సంగతి

దేవుడి దయవల్ల ఆర్వో మాటిలాకి వారంలో ఒక్క గంటన్నరసేపు నోరు మూసుకుని కూర్చునే శక్తి ఉంది, అదీ ఆదివారం చర్చిలో. ప్రార్థన ముగిసి, మెట్లు దిగి, రోడ్డు దాటి, వేటసామానూ కాఫీ అమ్మే డార్లీన్ కొట్లో ఇనుప పొయ్యి పక్కకి కుర్చీ లాక్కున్నాడంటే, ఆ గంటన్నరా బిగబట్టినదంతా పాలపొంగులా పైకి వచ్చేసేది.

ఆ ఆదివారం బయట మోకాలి లోతు మంచు. పట్టపగలే సరస్సు మీంచి బూడిదరంగు మసక వచ్చి కిటికీకి అతుక్కుపోయింది. మర్నాడు తెల్లారితే జింకల వేట మొదలు. అవి లేకుండా వేటకి చట్టం ఒప్పుకోదు కాబట్టి అందరి ఒంటి మీదా నిప్పురంగు కోట్లే. డార్లీన్ యాలకుల రొట్టె ముక్కలు కోసి పెడుతోంది.

మూల బల్ల దగ్గర ఐలీ కూర్చుని ఉంది. భర్త తౌనో పోయాక ఇది మొదటి వేట. పాత బొంతలో చుట్టిన పొడుగాటి మూటొకటి ఆవిడ మోకాలికి ఆనించి ఉంది. చర్చి సంతకి తెచ్చిన పరదా కర్ర కాబోలు అనుకున్నాడు ఆర్వో.

"ఆర్వో, నా తుపాకీ ఏది?" అంది ఐలీ. "జులైలో ఇచ్చాను. రేపు పొద్దున తౌనో కూర్చునే చోటే నేనూ కూర్చోవాలి."

తౌనో తుపాకీకి భుజాన ఆనే స్టాకు అక్రోటు చెక్క, బాగా బరువు. ఐలీకి భుజం ఆపరేషనయింది. తేలికగా ఉండే అడవి రంగుల స్టాకు ఒకటి ఏరి బిగించమని, పాత చెక్క మటుకు భద్రంగా తిరిగి ఇమ్మని మరీమరీ చెప్పి ఇచ్చింది.

"అదే చెప్పబోతున్నా తల్లీ," అన్నాడు ఆర్వో, కాఫీ ఒక గుక్క తాగి. "ఈ డార్లీన్ నాకు మూడు స్టాకులు చూపించింది. ఒకటి ఓక్ బెరడు రంగు. మన బురదడవిలో ఓక్ చెట్టు ఎక్కడేడిసింది? రెండోది రెల్లుగడ్డి, అది బాతుల్ని వేటాడేవాళ్ళకి. మూడోది మంచు రంగు, అచ్చం మా స్నానాలగది గోడ. చూస్తే జింకలు నవ్వుతాయి. ఈ చేతులుండగా ప్లాస్టిక్కెందుకని తౌనో చెక్కకే నేను రంగులేశా."

"నువ్వు నిలువునా గుమ్మడికాయలా వెలిగిపోతూ తుపాకీని దాచడమేమిట్రా?" అన్నాడు పొయ్యికి అవతల కూర్చున్న అతని స్నేహితుడు గోర్డీ, రొట్టె నములుతూ.

"జింకకి ఈ నారింజ రంగు తెలీదురా, తెలుసుకో. దానికి తెలిసేది చెక్క మీది మెరుపు. అందుకని అయిదు రంగులు కలిపి, అడవిలోంచి ఫెర్న్ ఆకులు కోసుకొచ్చి, చెక్క మీద పరిచి, పైన రంగు చిమ్మి, ఆకు తీసి, మళ్ళీ పరిచి, ఇలా పదకొండు పూతలు. ఆరబెట్టి, భోంచేసి వచ్చి చూస్తే బల్ల మీద తుపాకీ లేదు! తడిమితే ఉంది, చూస్తే లేదు. మర్నాడు వడ్రంగిపిట్ట ఒకటి కిటికీలోంచి వచ్చి, చెక్కలో పురుగుల కోసం టకటకమని పొడిచింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"పిట్టకి కాఫీ పోశావు," అంది డార్లీన్.

"నవ్వండి. అక్టోబరులో షెడ్డు తలుపు తీస్తే నేలంతా ఆకులు. కిటికీ మూసే ఉంది, గాలి లేదు. ఒకటి తీసి నలిపాను. వేళ్ళకి రంగంటింది. నేను వేసిన రంగు! తుపాకీ ఆకులు రాల్చుకుంటోందిరా. రోజూ ఊడ్చేవాణ్ణి. మొదటి మంచు కురిసిన రోజు చూస్తే కర్రంతా బోడి. బెరడు మీద తెల్లటి నురగలాగా మంచు పట్టింది, పొయ్యి పక్కనే ఉన్నా కరగదు!"

గోర్డీ నవ్వలేదు. కిటికీ బయట మసక ఇంకాస్త దగ్గరికి జరిగింది.

నిజానికి ఆర్వో గొంతు దిగనిది వేరే ఉంది. ఆ చెక్క అడుగున తౌనో కొట్టిన ఒక్కో జింకకీ ఒక్కో గాటు చెక్కుకున్నాడు. ముప్పై ఒకటి. రంగు పట్టాలంటే చెక్క నున్నగా ఉండాలని ఆర్వో మిషను పెట్టి, ఆ మీదట ఉప్పు కాగితంతో రుద్ది, తిరగేసి చూసుకునేసరికి అడుగున ఒక్క గాటూ లేదు. ఆ రోజునుంచీ ఆవిడ ఎదురుపడితే చాలు, ఇతను రోడ్డుకి అవతలి పక్క.

"తుపాకీ ఏదని అడిగాను," అంది ఐలీ.

"వస్తున్నా. గురి చూసుకుందామని మొన్న మీ వేట గుడిసె వెనక దేవదారు చెట్ల బురదలోకి తీసుకెళ్ళా. మిట్టమధ్యాహ్నం. పిట్ట కూయదు. చెట్టుకి ఆనించి, ఫ్లాస్కు మూత తీసి, వెనక్కి తిరిగానా, లేదు. అక్కడ ఏడు చెట్లుండాలి, లెక్కపెడితే ఎనిమిది! ఒక్కోదాన్నే తడుముకుంటూ వెళ్ళా. ఆరోది ఇనుములా చల్లగా తగిలింది. పట్టుకున్నా. పట్టుకున్న చెయ్యి కనపడలేదు! మోచేతి దాకా లేదు. దాన్నక్కడే వదిలి, చెయ్యి లాక్కుని పరిగెత్తి వెనక్కి చూస్తే మంచులో నేను లోపలికి వెళ్ళిన అడుగులున్నాయి, బయటికొచ్చిన అడుగులు లేవు."

"అయితే ఇక్కడ కూర్చుని రొట్టె తింటున్నదెవడు?" అన్నాడు గోర్డీ. గొంతు మాత్రం తగ్గింది.

"అదే నన్ను నేను అడుక్కుంటున్నా! అంతలో చెట్ల మధ్య ఒక ఊపిరి. తెల్లటి ఆవిరి, మనిషి ఎత్తున. వెనకే దగ్గు. రెండు పొడి దగ్గులు, ఒక పెద్ద దగ్గు."

పొయ్యిలో కట్టె చిటపటమంది. ఆ దగ్గు ఆ కొట్లో అందరికీ తెలుసు. ఇరవై ఏళ్ళు తౌనో ఆ పొయ్యి పక్కనే కూర్చుని దగ్గాడు. డార్లీన్ కత్తి పక్కన పెట్టి, గుండెల మీద సిలువ గుర్తు వేసుకుంది.

తనే కల్పించిన దగ్గు ఆర్వో చెవిలోనూ వినపడింది. అయినా ఆగలేకపోయాడు. "తౌనోనే వచ్చి పట్టుకుపోయాడు ఐలీ. ఎవరి వస్తువు వాళ్ళు తీసుకెళ్తే మనమేం చేస్తాం? ప్రభువు చిత్తం."

ఐలీ మోకాలికి ఆనించిన మూట తీసి, బల్ల మీద పెట్టి, బొంత విప్పింది.

ఆ మసకలో ఆ పచ్చదనం చూసి అందరూ కళ్ళు చిట్లించారు. జులై నాటి ఫెర్న్ ఆకులు, చిలకపచ్చగా, ఒక్కటి రాలకుండా ఉన్నాయి. బయట మైళ్ళ కొద్దీ మంచు.

"పొద్దున చర్చికి వస్తూ నీ షెడ్డులో చూశాను. బంగాళాదుంప బస్తాల వెనక టార్పాలిను కింద ఉంది," అంది. "తౌనో రాలేదు. నేనే వచ్చాను."

"ఓరి నీ ఇల్లు బంగారంగానూ!" అన్నాడు గోర్డీ పొట్ట పట్టుకుని. "దీన్ని మంచులో పెడితే సరస్సు అవతలి ఒడ్డుకి కనపడుతుంది కదరా! జింకలు మేత అనుకుని వస్తాయి."

"రానీ. మంచిదేగా," అంది ఐలీ. ఆవిడ మాత్రం నవ్వలేదు. కళ్ళు మూసుకుని తుపాకీని తిరగేసి, చెక్క అడుగున బొటనవేలితో మెల్లగా తడిమింది. మళ్ళీ తడిమింది. నవ్వులన్నీ ఆగిపోయాయి.

"నున్నగా ఉంది," అంది చివరికి. "నిద్ర పట్టనప్పుడు తౌనో గాట్లని లెక్కపెట్టుకునేదాన్ని ఆర్వో."

ఆర్వో కాఫీ కప్పు పక్కన పెట్టాడు. "అడుగు చూసుకోలేదు ఐలీ," అన్నాడు. "చూసుకునేసరికి అయిపోయింది. చెప్పడానికి ధైర్యం చాల్లేదు."

ఐలీ చేతిసంచీలోంచి తౌనో చాకు తీసి, మడత విప్పి, అతని ముందు పెట్టింది.

"ముప్పై ఒకటి. ఏ యేడు, ఏ చెట్టు కింద, ఎన్ని గుళ్ళు గురి తప్పాక పడిందో ఒక్కోటే నేను చెప్తాను. నువ్వు గాటు పెట్టు. అయ్యేదాకా మధ్యలో ఒక్క మాట మాట్లాడకు."

"ఒక్క మాటా లేకుండానా? దేవుడా, వీడు చచ్చిపోతాడు," అన్నాడు గోర్డీ.

"మొదటిది," అంది ఐలీ. "మా పెళ్ళయిన యేడు. వాన. మూడు గుళ్ళు తప్పాయి, నాలుగోది తగిలింది. ఆ జింకని చూసి తౌనో ఏడ్చాడు."

ఆర్వో చాకు ఆనించి నొక్కాడు. మొన కింద పచ్చ రంగు పొరొకటి లేచి, ముడుచుకుని, ఎండుటాకులా తిరుగుతూ నేల మీద పడింది. కింద అక్రోటు చెక్క పచ్చి మాంసంలా ఎర్రగా ఉంది. రాలిన ఆ పొర వంకే చూస్తుండిపోయాడు. అదుగో చూశారా, చెప్పానా అని అందరికీ చూపించబోయి, పెదవులు విప్పాడు.

"రెండోది," అంది ఐలీ.