ఎల్లవ్వ బిడ్డ మునుం

లసుమవ్వ అని ఒకామె ఉండె. నాట్ల గుంపుకు పెద్ద. ఆమె నోరు తెరిస్తే రెండు పొలాల అవతల కొంగలు లేచిపోయేటియంట. ఆ గుంపులనే ఎల్లవ్వ అని ఇంకొకామె. మొగడు లేడు, ఒక్కతే బిడ్డ, పేరు నవనీత, పదో తరగతి. ఏమైందంటే, సరిగ్గ నాట్లప్పుడే ఎల్లవ్వ ఒడ్డుమీద జారిపడి కాలు ఇరగ్గొట్టుకున్నది. కూలి రాకుంటే పొయ్యి అంటుకోదు గదా! ఇగ బిడ్డ పుస్తకాలు పక్కకువెట్టి తల్లి మునుంల దిగింది. మునుం అంటే తెల్వదా మీకు? నాటేసేటప్పుడు ఒక్కొక్కరు ఒక్కో వరస పట్టుకొని ఎనక్కి జరుగుతరు సూడున్రి, అది. పోరి నాటేసుకుంటనే పాఠాలు అప్పజెప్పుకుంటున్నదంట. "ఏందే, నారుకు సదువు జెప్తున్నవా?" అన్నది లసుమవ్వ. అందరు నవ్విన్రు. పోరి నవ్వలే, బుడుబుడు ఏడ్సింది. బడిల సార్లు చెప్పిన్రంట, ఈ నెల రాకుంటే హాజరు తక్కువైతది, పరీక్షకు కూసోనియ్యం అని. నా సదువు ఇంతే పెద్దమ్మా అన్నది.

లసుమవ్వకు ఆ దినం బువ్వ పోలే. ఆ గుంపుల ఒక పద్ధతి ఉన్నది. సంటిపిల్ల తల్లి పాలియ్య ఒడ్డెక్కితే, ఆమె మునుం పక్కలోళ్లు అందుకోవాలె. కూలి మాత్రం ఆమెకు మొత్తం రావాలె. తెల్లారి లసుమవ్వ ఏమన్నదంటే, మన గుంపుల ఇప్పుడు సంటిపిల్ల ఇదొక్కతే, పోవే బిడ్డా, బడికి పో, నీ మునుం మేం అందుకుంటం అన్నది. మా నడుములేం గావాలె అని ఒకరిద్దరు సణిగిన్రు అనుకో. లసుమవ్వ దిక్కు సూసి ఊకున్నరు. పోరి కాళ్ల బురద కడుక్కున్నదో లేదో, ఒకటే ఉరుకుడు!

ఇగ పొలం ఆసామి కొంరయ్య వచ్చిండు. గట్టిమనిషి, కష్టపడి పైకొచ్చినోడు, ఆ మాట ఒప్పుకోవాలె. మడి దిక్కు సూసి, "ఎల్లవ్వ మునుంల మనిషేది?" అన్నడు. "పాలకు పోయింది" అన్నది లసుమవ్వ. "పెండ్లిగాని పోరి ఎవలికి పాలిస్తదే?" "ఇయ్యబోలే, తాగబోయింది. బడిల." ఆడోళ్లు కిసకిస నవ్విన్రు. కొంరయ్యకు రోషమొచ్చింది. పొద్దంత తాగే పాలేంది, ఆమె కూలి నేనియ్య అన్నడంట.

అంతే, లసుమవ్వ నడుమెత్తి నిలవడ్డది. ఆమెతోని అందరు నిలవడ్డరు. "కొంరా, మీ అమ్మ మా గుంపులనే నాటేసింది. నిన్ను ఒడ్డుమీద పండవెట్టేది. నువ్వు రొమ్ము పడితే పొద్దుగూకేదాక ఇడిశేటోనివా? మీ అమ్మ మునుం నేనే ఏసిన. అప్పటి ఆసామి గూడ నీ లెక్కనే అడిగిండు. తాగనియ్యి, పెద్దగైనంక మాకు పనికొస్తడు అని చెప్పిన. పనికొస్తవా, రావా? ఇప్పుడు చెప్పు."

కొంరయ్య చెప్పులు ఇడిసిండు, ధోతి ఎగ్గట్టిండు, ఎల్లవ్వ మునుంల దిగిండు. పొద్దుగూకేదాక ఏసిండంట, మజ్జల మజ్జల అమ్మా అమ్మా అని నడుం పట్టుకుంట! నాట్లయ్యేదాక పోరి కూలి ఆగలే, బడి ఆగలే. పరీక్ష రాసింది, పాసైంది, పట్నంల ఇంకా పెద్ద సదువుకు పోయింది.

మీరెప్పుడన్న ఆ ఊరి దిక్కు నాట్లప్పుడు పోతే, ఖాళీ మునుం కనవడ్డా సప్పుడు జేయకున్రి. ఎవలదని అడిగినోన్నే అండ్ల దింపుతున్నరంట ఇప్పుడు.