ఇద్దరు హీరోలు, మూడు సర్వర్లు

(ఫిల్మ్ నగర్‌లో ఓ సినిమా ఆఫీసు. మధ్యాహ్నం మూడున్నర. ప్రొడక్షన్ మేనేజర్ వీరయ్య, సినిమా ఫంక్షన్ పాసులు ఆన్‌లైన్‌లో ఇచ్చే కంప్యూటర్ సర్వర్లు పెట్టడానికొచ్చిన ఇంజనీరు బెన్సన్.)

“ముందుగాల పేర్లు మార్చు బెన్సన్. కడమదంతా తర్వాత.”

“పేర్లు పెట్టమన్నది మీరే కదండీ వీరయ్యగారూ! నేను ఒకటి, రెండు, మూడు అనుకున్నాను. ‘గవేం పేర్లు, హీరోల పేర్లు పెట్టు, ప్రొడ్యూసర్ శ్యామలాదేవి మేడమ్ ఖుష్ అయితరు’ అన్నారు.”

“అన్న. కాదంటలే. గని శౌరిబాబును మెయిన్ చేసి, రఘునందన్‌బాబును సెకండరీ చెయ్యమన్ననా?”

“ఏదో ఒకటి మెయిన్ అవ్వాలండీ. ఎవరికి ఏ పాస్ ఇచ్చామో అది రాసుకుంటుంది, మిగతా రెండూ దాన్ని చూసి కాపీ చేసుకుంటాయి. ఒకటి పోయినా లిస్టు పోదు. అంతే తేడా.”

“అంతేనా? నువ్వా స్క్రీన్ ఫొటో గ్రూపుల పెట్టినవు. పొద్దటి సంది రఘునందన్‌బాబు ఫ్యాన్స్ ప్రెసిడెంట్ పదిసార్లు ఫోన్ చేసిండు. ‘మా అన్న సెకండరీనా?’ అంటుండు.”

“కంప్యూటర్ భాష అని చెప్పండి.”

“చెప్పిన. ‘అయితే ఆ భాష మార్చుండ్రి’ అన్నడు. ఇద్దర్నీ మెయిన్ చెయ్యరాదు?”

“అప్పుడు ఒకే కుర్చీ ఇద్దరికి ఇచ్చేస్తాయండీ. శౌరిగారి ఫ్యాన్‌కీ అదే, రఘునందన్‌గారి ఫ్యాన్‌కీ అదే.”

“వద్దు వద్దు! తలకాయలు పగుల్తయ్. పోస్టర్ల లెక్క చేద్దాం. ఒకదాంట్ల ఈయన ఎడమ దిక్కు, ఇంకోదాంట్ల ఆయన. గంటకొకరిని మార్చు.”

“మార్చినప్పుడల్లా కొన్ని సెకన్లు ఆగుతుందండీ.”

“ఆగనీ. హీరో ఎంట్రీ అంటే జర టైం పడ్తది. ఐదింటికి మాత్రం పాసులు తెరవాలె. ఫంక్షన్‌కు పన్నెండువేల మంది. తెరవకపోతే రేపటి సంది నా మొఖం చూపియ్యొద్దన్నరు మేడమ్. ఇరవై ఆరేండ్ల నౌకరి, బెన్సన్. ఈ ఆఫీసుల టీ గ్లాసులు కడిగిన కాడి నుంచి...”

“ఒక్క నిమిషం. శౌరిగారి సర్వర్ పలకట్లేదు.”

“పలకకపోవుడేంది?”

“ఏమో! అసలు దాన్ని ఆయన ఆఫీసుకి ఎందుకు పంపారండీ?”

“మూడూ మూడు జాగలల్ల పెట్టాలన్నది నువ్వే. శౌరిబాబుది జూబ్లీహిల్స్, రఘునందన్‌బాబుది శ్రీనగర్ కాలనీ, వాళ్ల ఆఫీసులకే పంపిన. మూడోది గీడనే మెట్ల కింద అర్రల ఉన్నది.”

“ఎవరూ ముట్టుకోకూడదని చెప్పారా వీరయ్యగారూ?”

“ఆయన ఫ్యాన్స్ చిన్న పూజ చేసుకుంటమన్నరు. కొబ్బరికాయ కొడ్తరనుకున్న. ఉండు, ఫోన్ చేస్త. హలో... ఆఁ... ఎన్ని లీటర్లు?”

“లీటర్లేంటండీ?”

“పాలాభిషేకం చేసిండ్రంట.”

“సర్వర్‌కా!”

“మీద శౌరిబాబు పేరున్నది కదా. దండేసి పోసిండ్రు. రెండు లీటర్లే అంటుండ్రు.”

“రెండు లీటర్లే!”

“కటౌట్‌కైతే వంద పోస్తరు. మనం నసీబున్నోళ్లం.”

“సరే, కంగారు లేదు. కొత్త మెయిన్ ఏదో మిగతా రెండూ ఓటేసుకున్నాయి. రఘునందన్‌గారిది మెయిన్ అయింది.”

“సచ్చీ? ప్రెసిడెంట్‌కు చెప్త, ఖుష్ అయితడు.”

“ఇప్పుడొద్దండీ.”

“మెసేజ్ పెట్టేసిన.”

“ఏమని?”

“‘మీ అన్న మెయిన్ అయిండు, వాళ్లకు పాలాభిషేకం అచ్చిరాలే’ అని.”

“పాల సంగతి కూడా చెప్పేశారా?”

“సంబురంల వచ్చేసింది. నువ్వు ఫికర్ చెయ్యకు, టీ తాగు.”

“తాగేశానండీ.”

“ఇంకో గ్లాస్ చెప్పాల్నా?”

“వద్దండీ. శ్రీనగర్ కాలనీది కూడా ఆగిపోయింది. ఎన్ని లీటర్లో అడగండి.”

“అడుగుడెందుకు, వీడియో పెట్టిండ్రు. ఇరవై. మూడోది ఉన్నది కదా? దాంట్ల లిస్టంత ఉంటదన్నవు.”

“ఉందండీ, అంతా ఉంది. కానీ అది తనంతట తాను మెయిన్ అవ్వదు. ఇంకొకటైనా ఓటెయ్యాలి. అందాకా కొత్త పాస్ ఒక్కటి కూడా రాయదు.”

“ఇంత మర్యాదనా? మన ఇండస్ట్రీది కాదది.”

“నేను బలవంతంగా మెయిన్ చెయ్యొచ్చు. కానీ ఇక కాపీ ఎక్కడా లేదండీ. ఇదీ పోతే లిస్టు పోయినట్టే.”

“చెయ్యి. భయమైతుంది నాకు. అయినా చెయ్యి.”

“చేస్తున్నా... అయింది. ఐదింటికి పాసులు తెరుచుకుంటాయండీ.”

“బతికిచ్చినవ్ తమ్మీ! దీని పేరేంది?”

“మీరు పెట్టిందే. హీరోయిన్ స్టెఫీగారి పేరు.”

“అయ్యో, ఆ పిల్లకు స్టేజి మీద కుర్చీ కూడ వెయ్యలే మనం.”

“ఇప్పుడు ఫంక్షన్ మొత్తం ఆవిడే నడుపుతున్నారు. దయచేసి ఎవరికీ చెప్పకండి వీరయ్యగారూ.”

“మేడమ్‌కని మెసేజ్ పెట్టేసిన. యూనిట్ గ్రూపుల పడ్డది.”

“అయ్యో! తీసెయ్యండి!”

“అందరూ చూసిండ్రు. ఆగు, గేటు కాడి నుంచి ఫోన్. హలో... ఎవరు? స్టెఫీ వాళ్లమ్మనా? మెట్ల కింద అర్ర ఏడుందని అడుగుతుందా?”

“ఫిలోమినాగారా? మా చర్చేనండీ. పాలు పోసే మనిషి కాదావిడ.”

“అమ్మయ్య! గంత చాలు... ఏందీ? ఎంబడి ఫాదర్‌గారు గూడ వచ్చిండ్రా? మిషన్‌ను దీవించనీకెనా?”

“రానివ్వండి. ప్రార్థన చేసి వెళ్తారు, అంతే.”

“అంతేనా? మరి ఆయన చేతిల నీళ్ల బకెట్ ఎందుకున్నది, బెన్సన్?”